ఆకుపచ్చ సున్నా

“ఆ బోర్డు దించేదాకా నేనీ స్టూలు దిగను,” అన్నాడు మేస్త్రి.

గుమాస్తా తల పట్టుకున్నాడు. ఇంకో అరగంటలో మ్యూజియం తెరవాలి. చూస్తే డెబ్బై ఒక్క ఏళ్ల ముసలాయన గోడకు వేలాడదీసిన పాత గుడ్డ పక్కన స్టూలెక్కి కూర్చున్నాడు. కింద ఆయన కూతురు స్టూలు కాళ్లు పట్టుకుని, మా నాన్నని దించడంకంటే బోర్డు దించడం తేలికండీ అని సలహా కూడా ఇస్తోంది.

అది ఒకప్పుడు యుద్ధవిమానాల్లోంచి తుపాకులు కాల్చడం నేర్పిన శిక్షణ కేంద్రం. ఒక విమానం ఈ తెల్ల గుడ్డ గొట్టాన్ని పొడుగాటి తీగకు కట్టి ఆకాశంలో లాక్కుపోతుంటే, నేర్చుకునేవాళ్లు నలుగురు ఇంకో విమానంలోంచి వంతులవారీగా దాన్ని కాల్చాలి. ఎవరి దెబ్బ ఏదో తెలియడానికి ఒక్కొక్కరి తూటాల మొనలకు ఒక్కో రంగు పూసేవారు. రంగు ఆరకముందే కాల్చేవారు. తూటా దూసుకుపోయిన కన్నం చుట్టూ ఆ రంగు అంటుకునేది. గుడ్డ కిందికి దిగాక కన్నాలు లెక్కపెట్టేవారు.

బోర్డు మీద ఇలా ఉంది: ఎరుపు యాభై ఎనిమిది, కేంద్రం చరిత్రలోనే రికార్డు. నీలం పదిహేడు. నలుపు పద్నాలుగు. ఆకుపచ్చ సున్నా.

ఆ ఆకుపచ్చ మేస్త్రిది. నలభై తొమ్మిదేళ్ల కిందట ‘గురి లేదు’ అని కాగితం చేతిలో పెట్టి గేటు బయటికి తోసేశారు. ఆ తర్వాత లేత్ మిషను మీద వెంట్రుకవాసి తేడా రాకుండా ఇరుసులు చెక్కి బతికాడు. అయినా వీధిలో ఆయన పేరు సున్నా మేస్త్రే. మామగారైతే పోయేదాకా, మంచినీళ్ల గ్లాసు అందించినప్పుడల్లా, గురి చూసి పట్టుకో అల్లుడూ అనేవాడు. ఒక మనిషి బతుకుని ఒక్క అంకెతో తేల్చేసి, ఆ అంకె మీద దీపం పెట్టి ఊరందరికీ చూపిస్తారు. దానికి చరిత్ర అని పేరు.

ఇవాళ కూతురు లాక్కొస్తే వచ్చాడు. గుడ్డను దగ్గరగా చూశాడు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆకుపచ్చ అంచు కన్నాలు ముప్పై ఏడు. ఎర్రవి ఇరవై ఒకటే.

గుమాస్తాని పిలిచి చూపించాడు. గుమాస్తా కూడా చూశాడు. చిలక రెక్కలా ఉన్నాయండీ అని ఒప్పుకున్నాడు.

“నా ముప్పై ఏడూ పట్టుకెళ్లి వాడి లెక్కలో కలిపేశారు. ఎరుపు ఎవరిదో తెలుసా? అప్పటి కమాండరు కొడుకుది.”

గుమాస్తా పాత రిజిస్టరు తెచ్చి తిప్పాడు. అందులో సంతకం లెక్క మాస్టారిదన్నాడు. ఇరవై రెండేళ్లు కన్నాలు లెక్కపెట్టింది ఆయనొక్కడే, అదీ తలుపేసుకుని. ఎవరూ ఒత్తిడి చెయ్యకూడదని రూలు. లెక్క అవగానే గుడ్డకి మాసికలేసి మర్నాడు మళ్లీ ఎగరేసేవారు. రికార్డు కాబట్టి ఇదొక్కటీ దాచారు. ఆయన ఒప్పుకుంటేనే బోర్డు మారుతుంది. ఇవాళ ముఖ్య అతిథి కూడా ఆయనే.

మేస్త్రి వేడి చల్లార్చుదామని గుమాస్తా, కేంద్రం చరిత్ర పుస్తకంలోంచి ఒక సరదా పేజీ చదివాడు. ఆకుపచ్చ ఇక్కడ అచ్చిరాని రంగట. ఇరవై రెండేళ్లలో ఆ రంగు వచ్చినవాడు ఒక్కడూ గట్టెక్కలేదట. కుర్రాళ్లు ఆ రంగు తప్పించమని బతిమాలుకునేవారట.

చల్లారకపోగా మేస్త్రికి ఒళ్లు మండింది.

“అచ్చిరానిది రంగు కాదయ్యా, మా పుట్టుక. పెద్దింటివాళ్లకి ఎరుపు, మాలాంటివాళ్లకి ఆకుపచ్చ. మమ్మల్ని తలనుంచి అరికాలిదాకా పరీక్షించి తీసుకున్నారు. ఆ లెక్క మాస్టార్ని ఎవడైనా పరీక్షించాడా?”

అంతలో తలుపులు తెరిచారు, జనం వచ్చి వరసల్లో కూర్చున్నారు, వాళ్ల వెనకే లెక్క మాస్టారు వచ్చాడు. ఎనభై ఆరేళ్లు, కర్ర కూడా లేదు. మొదటి వరసలో అన్నీ ఆకుపచ్చ కుర్చీలు, నడుమ ఆయనకోసం ఒకే ఒక్క ఎర్ర కుర్చీ. గుమాస్తా పరుగెత్తి, అదిగో ఆ ఎర్ర కుర్చీలో కూర్చోండి అన్నాడు. మాస్టారు తలూపి, తలుపు పక్కనున్న ఆకుపచ్చ కుర్చీలో కూర్చున్నాడు. ఎంత నిగర్వి అని జనం చప్పట్లు కొట్టారు.

“నాటకాలు,” అంది కూతురు, వినబడేలాగే.

మేస్త్రి స్టూలు మీదనుంచే కడిగేశాడు. దొంగ లెక్క అన్నాడు. కమాండరు మెప్పుకోసం నా బతుకు తాకట్టు పెట్టావన్నాడు. మాస్టారు మొహం కందిపోయింది. ఆయనేం తక్కువ తినలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒకరి చేతి టీ కూడా తాగలేదన్నాడు. సాక్షాత్తూ కమాండరే వచ్చి కొట్టినా తలుపు తియ్యలేదన్నాడు.

“దిగు ముందు. అందరి ఎదుటా మళ్లీ లెక్కపెడతాను. ఒక్క ఆకుపచ్చ కన్నం కనబడినా ఆ బోర్డు నా చేత్తో పీకేస్తాను.”

మేస్త్రి దిగాడు. మాస్టారు ఎక్కాడు. కళ్లజోడు తుడుచుకుని, గుమాస్తా ఇందాక చిలక రెక్క అన్న కన్నం మీదే వేలు పెట్టాడు.

“ఎరుపు,” అన్నాడు. వేలు పక్కకి జరిపాడు. “ఎరుపు. ఇదీ ఎరుపే.”

హాలు భగ్గుమంది. కళ్లెదుట పెట్టుకుని ఇంత అబద్ధమా అని వెనక వరసలు లేచాయి. కూతురు చెప్పుకోసం వంగింది. మేస్త్రి ఆమె భుజం పట్టి ఆపాడు. జీవితమంతా మిషను దగ్గర చేతుల్ని చూసినవాడు. తప్పు దాచే చెయ్యి ఎక్కడో ఒకచోట వణుకుతుంది. ఈ వేలు వణకలేదు.

మేస్త్రి వెనక్కి తిరిగి, తలుపు పక్క ఖాళీ అయిన ఆకుపచ్చ కుర్చీని చూశాడు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు.

“మాస్టారూ, ఇందాక మీరు ఏ కుర్చీలో కూర్చున్నారు?”

ఇదేం ప్రశ్న అన్నట్టు మాస్టారు విసుక్కున్నాడు.

“ఎర్ర కుర్చీలోనే కదయ్యా.”