నలభై రోజుల కోట గోడ

మూడు వందల ఏళ్ల నాటి కోట గోడ కట్టడానికి మేస్త్రీకి సరిగ్గా నలభై రోజులు పట్టింది.

పాత రాళ్లు ఎక్కడెక్కడినుంచో ఏరుకొచ్చాడు. పుల్లమజ్జిగ పూసి నాచు పట్టించాడు. రెండు మూలల్లో తనే కట్టి తనే కూలగొట్టాడు. కూలగొట్టినందుకు కూలి విడిగా పుచ్చుకున్నాడు.

ఊళ్లో నిజంగా పాతవన్నీ కూలిపోయాక మున్సిపాలిటీకి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పురాతన కట్టడం ఉన్న స్థలమైతే చాలు, మంచి ధరకి కొంటుందట, కంచె వేసి కంటికి రెప్పలా కాపాడుతుందట. ఆ ప్రకటన చదివిన రోజే స్థలం యజమానికి తన ముళ్లపొదల్లో చరిత్ర కనబడింది.

పాపం, మనిషి దొంగ కాదు. భార్య ఇరవై ఏళ్లుగా కుట్టుమిషను పెట్టుకున్న అద్దెగదిని అమ్మేస్తున్నారు. వచ్చే నెలాఖరులోగా వీళ్లే కొనుక్కోకపోతే మిషను వీధిలో పెట్టుకోవాలి. ఈ పొదల స్థలమేమో ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు.

"పట్టుబడితే పరువు పోతుందండీ," అంది భార్య.

"గది పోయాక పరువుని ఏం చేసుకుంటాం? నువ్వు నోరు మెదపకు, మిగతాది నేను చూసుకుంటాను."

మున్సిపాలిటీ వేసిన కమిటీ వచ్చింది. సభ్యులు గోడ ముందు చెప్పులు విప్పినంత పని చేశారు. అధ్యక్షుడు దానికి ఆనుకుని ఫొటో దిగాడు. ఇక సంతకమే తరువాయి అనగా, కమిటీలోని చరిత్ర ప్రొఫెసరు రాయిని గోటితో గీకి వాసన చూశాడు.

"ఇది దొంగ గోడ," అన్నాడు ప్రొఫెసరు. "మహా అయితే నలభై రోజుల పని. నాచు మజ్జిగతో పట్టించారు. ఆ మూల కూలిపోలేదు, కూలగొట్టారు."

"దగ్గరుండి చూసినట్టే చెబుతున్నారే," అని సభ్యులు నోళ్లు వెళ్లబెట్టారు. అధ్యక్షుడు ఇందాకటి ఫొటో చెరిపేసుకున్నాడు.

యజమాని చేతులు జోడించాడు. "తప్పయిపోయింది సార్. మా ఆవిడ గది పోతుందని..."

"చరిత్రనే మోసం చేయబోయావు. పోలీసులకి చెప్పకపోవడమే నీకు చేస్తున్న మేలు."

ఆయన నిజాయితీకి ఇద్దరు సభ్యులు కళ్లొత్తుకున్నారు. భార్య గోడ పక్కనే కూలబడి ఏడ్చింది. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

అందరూ జీపెక్కారు. ప్రొఫెసరు మాత్రం కాస్త పరిశీలన మిగిలిందని చెప్పి దిగాడు. పొదల చాటున నక్కిన మేస్త్రీ దగ్గరికి నేరుగా వెళ్లి గొంతు తగ్గించాడు.

"ఇంకెక్కడా పని ఒప్పుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదయ్యా. కమిటీ ఈ ఏడాది కొనబోయేది ఒక్క కోట గోడే, నా స్థలంలోదేమో నువ్వింకా సగంలోనే వదిలేశావు."