శుభ్రం చేసిన పాట

"మేడమ్, కొంచెం ఆ కాలు ఆపుతారా?"

స్టూడియో లాబీలో కూర్చున్న ముసలామె కిందికి చూసుకుంది. నేల మీద టకటకలాడుతున్న కుడి కాలు ఆగింది.

"సారీ నాయనా. నాకు తెలియకుండానే ఆడుతుంది."

శ్రీవత్సకి చప్పుళ్ళు పడవు. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో అపార్ట్‌మెంట్ పై అంతస్తులో తీసుకున్నది కూడా అందుకే. పక్క గదిలో ఎవరు కుర్చీ జరిపినా, తనని పిలవబోతున్నట్టు ఒళ్ళు బిగుసుకుపోతుంది. పాత రికార్డింగుల్లోంచి చప్పుళ్ళు తీసేయడం అతనికి ఉద్యోగం మాత్రమే కాదు. ప్రపంచంలో ఒక మూలనైనా శుభ్రం చేస్తున్నానన్న నెమ్మది.

"అమోస్ ట్రెంట్ మొదటి రికార్డు మీ దగ్గరికొచ్చిందట కదా. ఒక్కసారి వింటాను."

అమోస్ ట్రెంట్ పోయి చాలా ఏళ్ళయింది. మనిషంత ఎత్తున్న తీగల వాయిద్యం బేస్‌ని వేదిక మధ్యలో నిలబెట్టి, దాని వెంట బ్యాండ్‌ని నడిపినవాడు. జాజ్‌లో బేస్ పట్టుకున్న ప్రతివాడి చేతిలోనూ ఎంతో కొంత అతనుంటాడు. కుర్రతనంలో డెట్రాయిట్‌లో ఓ ఇంట్లో చేసిన రికార్డు ఇన్నాళ్ళకి దొరికింది. లక్క పూసిన పళ్ళెం. సూది కింద ఒక్కసారి తిరిగింది. ఆ వెంటే పూత పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

ఆ ఒక్కసారి కంప్యూటర్‌లోకి ఎక్కిన శబ్దమే మిగిలింది.

"మీరు ఆయన బంధువులా?"

"కాదు."

"బ్యాండ్‌లో ఉండేవారా?"

ఆమె గోడ మీది బ్యాండ్ పోస్టర్ వైపు చూసి నవ్వింది. "అక్కడ నలుగురు మగవాళ్ళేగా ఉన్నారు. నాకు తెలియాల్సింది ఒకటే నాయనా. పాట అడుగున దడదడమని ఏమైనా వినిపిస్తోందా?"

శ్రీవత్స ముఖం వెలిగింది. ఇంతవరకు ఆ సంగతి ఎవరూ అడగలేదు.

"ఉండేది మేడమ్. మొదట్నుంచి చివరిదాకా. కింది వాటాలో ఎవరో మేకులు కొడుతున్నట్టుంది. వారాల తరబడి కూర్చుని, ఆఖరి దెబ్బ వరకు తీసేశాను."

తనే హెడ్‌ఫోన్స్ తెచ్చి ఆమెకి పెట్టాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. కాలు లేచింది. దిగబోయి, గాలిలోనే ఆగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ ఆగింది. తెలిసిన ఇంట్లో చీకట్లో గోడ తడుముకునే మనిషిలా ఉంది ఆమె ముఖం.

హెడ్‌ఫోన్స్ తీసి జాగ్రత్తగా అతని చేతికిచ్చింది.

"చాలా శుభ్రంగా ఉంది."

అది మెచ్చుకోలు కాదని అతనికి తెలిసింది. ఏమిటో తెలియలేదు.

"ఆ దడదడ మళ్ళీ పెట్టలేవా?"

"అది నాయిస్ మేడమ్."

"అవును. అప్పుడూ అలాగే అనేవాళ్ళు." కోటు గుండీలు పెట్టుకుంది. "పోనీ, శుభ్రం చెయ్యనిది ఉంటుందిగా? అదైనా దాచిపెట్టు."

"అడిగి చూస్తాను."

ఆమె పేరు అడగాలన్న ఆలోచన రాలేదు.

టీమ్ లీడ్ త్రివేణి తన గది అద్దాల గోడలోంచి చూస్తూనే ఉంది. "ఎవరావిడ?"

"ఎవరో ఫ్యాన్ అండీ. మనం తీసేసిన నాయిస్ కావాలట."

త్రివేణి పకపకా నవ్వింది. "కాఫీ వద్దు, మడ్డి పొయ్యమన్నట్టుంది!"

"ఒరిజినల్ ఫైల్ కొన్నాళ్ళు ఉంచుదామా?"

"ఎవరడిగారని చెప్తావ్ క్లయింట్‌కి? ప్రాజెక్ట్ క్లోజ్ అవగానే ఒరిజినల్ డిలీట్ అయ్యేట్టు స్క్రిప్ట్ రాసింది ఎవరు బాబూ?"

"నేనే."

"మరి? క్లోజ్ చేసెయ్. నీ వీసా ఎక్స్‌టెన్షన్ నడుస్తోంది. డెలివరీ లేట్ అని నాతో రాయించకు."

శ్రీవత్స తెర వైపు తిరిగాడు. గాలిలో ఆగిపోయిన ఆ కాలు కళ్ళముందు నిలిచింది. ఫైల్ ఉంచడానికో కారణం దొరికితే బావుండుననిపించింది. దొరకలేదు.

క్లోజ్ చేశాడు.

రికార్డు విడుదల డెట్రాయిట్‌లో, ఓ లైబ్రరీ హాల్లో. ఆ నలుగురిలో మిగిలింది పియానో వాయించిన క్లైడ్ ఒక్కడే. చక్రాల కుర్చీలో తీసుకొచ్చి ముందు వరసలో పెట్టారు. పక్క కుర్చీ శ్రీవత్సది.

పాట మొదలైంది. బేస్ లోతుగా, నిండుగా పలికింది. హాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. శ్రీవత్స కోరుకున్న నిశ్శబ్దం అదే.

క్లైడ్ నుదురు ముడిపడింది. శ్రీవత్స చెయ్యి పట్టుకున్నాడు.

"డ్రమ్ ఏదీ?"

"ఇందులో డ్రమ్ లేదు సార్. మీరు నలుగురేగా."

"ఫొటోలో నలుగురం. గదిలో ఐదుగురం." ముసలాయన గొంతు లేచింది. "డ్రమ్ములు మాకెక్కడివి? తలుపు ఊడదీసి నేల మీద పరిచేవాళ్ళం. ఇనప బిళ్ళల బూట్లేసుకుని ఒక పిల్ల దాని మీద నిలబడేది. అమోస్ ఆ పిల్ల కాళ్ళ వంక చూస్తూనే వాయించేవాడు. ఆ బేస్ నడక నేర్చుకున్నదంతా ఆ కాళ్ళ దగ్గరే. ఆ కాళ్ళు ఏవీ? ఏం చేశారు?"

శ్రీవత్స ఫోన్‌లో సర్వర్ తెరిచాడు. ఒరిజినల్ ఉండాల్సిన చోట ఖాళీ. తను రాసిన స్క్రిప్ట్ ఎప్పుడూ తప్పలేదు.

పాట సాగుతూనే ఉంది. బేస్ ఒక అడుగు వేసి, ఎవరి కోసమో ఆగి, మళ్ళీ వేస్తోంది. ఆ ఖాళీలు అతనికి ఇప్పుడు వినిపిస్తున్నాయి. ఒక్కొక్కటీ, విడివిడిగా.

వెనక్కి తిరిగాడు.

చివరి వరసలో, మెత్తటి కార్పెట్ మీద, కుడి కాలితో, చిన్న చప్పుడైనా లేకుండా, అమోస్ ట్రెంట్ మొదటి డ్రమ్మర్ వాయిస్తోంది.