నాలుగో పేరు

"బట్టలు సర్దడం ఆపు వదినా! తెల్లవారుజామున వాణ్ణి ఉరి తీసేశారు." హేమిన్ మిఠాయి అందించాడు.

పీరోజ్ తీసుకోలేదు. సోమవారం బాగ్దాద్ కోర్టులో ఆ నియంత ఎదుట నిలబడి ఆమె సాక్ష్యం చెప్పాలి.

"మన కేసు ఇంకా నడుస్తోందిగా?"

"వేరే ఊరి కేసులో ఉరి వేశారులే. మన కేసులో ఇక మిగిలింది వాడి అనుచరులే. ఏ కేసైతేనేం, చచ్చాడుగా! విషవాయువు వదిలి మన పిల్లల్ని చంపినోడికి అది చాలదా?"

"చాలదు. నా నలుగురు పిల్లల పేర్లూ విన్నాక చావాల్సింది."

"వాడు వింటే ఎంత, వినకపోతే ఎంత? మనకి గుర్తున్నాయిగా!"

"ఏవీ, చెప్పు."

"షీలాన్, రేబిన్, హావ్రీ..."

హేమిన్ ఆగిపోయాడు. నాలుగోది నెలల పిల్ల.

పీరోజ్ మళ్ళీ బట్టలు సర్దడం మొదలుపెట్టింది.