వెదురు మీద నల్లమచ్చలు

వెంకటరావమ్మ పాత చీరగుడ్డ విప్పి, మూరెడు వెదురు ముక్కను బల్ల మీద పెట్టింది.

"ఇది ఎప్పుడు కోసిందో చెప్పండి," అంది.

గుంటూరులోని ఆ తెగుళ్ల ల్యాబ్‌కి రైతులు మిరపకాయలు తెస్తారు, పత్తి ఆకులు తెస్తారు. వెదురు తెచ్చిన మనిషిని జయకుమారి అక్కడ ఉద్యోగంలో చేరాక చూడలేదు. ఆమె వెనకాలే బైకేసుకుని మరిది కూడా దిగడం ఇంకా వింత.

"సోమవారం నేనే కోశానండీ, మా కాలవగట్టు మీద," అన్నాడు దుర్గాప్రసాద్. "అప్పటికప్పుడు పచ్చిది కోశా. ఈవిడ కాదంటది. ఐదు రోజుల్నుంచీ ఇంట్లో ఇదే గోల."

"ఒక్క వెదురు కోసం దాచేపల్లి నుంచి వచ్చారా?" జయకుమారి నవ్వింది.

వాళ్లిద్దరూ నవ్వలేదు.

"సోమవారం కోసిందే అని తేలితే ఊరందరి ముందూ వీడి కాళ్లు పట్టుకుంటా," అంది వెంకటరావమ్మ.

"కాళ్లెవడిక్కావాలి వదినా? సామాను సర్దుకుని మీ పుట్టింటికి పో. నాది అబద్ధమన్న మనిషి నా గడపలో ఉండకూడదు."

"పోతా."

జయకుమారి ముక్కను తిప్పి చూసింది. పొడుగునా గోధుమగింజంత నల్లటి మచ్చలు.

"మసి అండీ అది," అన్నాడు దుర్గాప్రసాద్. "మా పత్తికీ పడుద్ది. పేనుబంక జిగురు కారుస్తుంది, దాని మీద మసి ఎక్కుతుంది. పచ్చి వెదురునీ వదలదు. ఆ మాత్రం తెలీకుండానే ఇరవై ఏళ్లు సేద్యం చేశానా?"

ఆమె తడి దూదితో ఒక మచ్చను గట్టిగా రుద్దింది. దూది తెల్లగానే ఉంది.

"మసి పైపైన ఉండే బూజు. తుడిస్తే పోతుంది. ఇది ఆ జాతి కాదు."

బ్లేడుతో గీరి, ఆ పొడిని మైక్రోస్కోపు కింద పెట్టింది. పప్పుబద్దల్లాంటి గోధుమరంగు బీజాలు, ఒక్కోదాని అంచున పలచటి గీత.

"ఈ శిలీంధ్రం తొక్క కింద పుట్టి, తొక్కను చీల్చుకుని బయటికొస్తుంది. ప్రాణమున్న వెదురు మీద ఇలా పండదు. ఇంతగా పండాలంటే నెలన్నరకు తక్కువ పట్టదు."

"పొదలోనే ఎండిన బొంగేమో," దుర్గాప్రసాద్ లేచి నిలబడ్డాడు. "హడావుడిలో చూసుకోలేదు."

"పచ్చిదన్నావుగా," అంది వదిన.

"నువ్వు నోర్ముయ్."

జయకుమారి ముక్క చివరనున్న కత్తి గాటు చూపించింది. అడ్డకర్ర కూర్చోవడానికి పెట్టినట్టుంది. గాటు లోపలా అవే మచ్చలు.

"పొదలో ఎండిందైతే మొన్న పెట్టిన గాటు శుభ్రంగా ఉండాలి. ఇది కోసి, కొలత చూసి, గాటు పెట్టాకే పుట్టింది. నిచ్చెనకా?"

దుర్గాప్రసాద్ జేబులోంచి బైకు తాళం తీశాడు.

"రాసివ్వండి," అంది వెంకటరావమ్మ.

"నీకు చదవటమొచ్చా, రాసిస్తే?" అన్నాడు మరిది.

"చదివేవాళ్లు చదువుతారు."

జయకుమారి రిపోర్టు కింద సంతకం పెట్టేలోపే బయట బైకు స్టార్టయింది.

సోమవారం పొద్దున టీ తాగి, మిరపచేనికి మందు కొట్టడానికి నిక్షేపంగా నడిచి వెళ్లిన వెంకటరావమ్మ భర్తను, ఆ మధ్యాహ్నమే కాటికి మోసుకెళ్లిన పాడె కర్ర అది.