బ్యాటరీ తాత, పదిహేను కోడిపిల్లలు

కార్ల గురించి నాకు తెలిసిందల్లా తోసి స్టార్ట్ చేయడమే. అదీ హ్యాండ్‌బ్రేకు వేసుందో లేదో చూడకుండా తోసేవాణ్ణి. అయినా చెబుతాను, వినండి.

ఒక మెకానిక్ షెడ్డు పెరట్లో, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారులోంచి దించేసిన ముసలి బ్యాటరీ ఉండేది. ఇవాళో రేపో తుక్కులోకి పోతుంది. అక్కడే ఒక కోడికి పదిహేను పిల్లలు. ముసురు పట్టింది. రెక్కల కింద పదే పట్టాయి, అయిదు వణుకుతున్నాయి.

"తాతా, కాస్త వెచ్చదనం ఇవ్వవూ?" అంది కోడి.

"నా దగ్గరేముందమ్మా? ఘాట్ రోడ్డెక్కలేక చతికిలబడ్డానని పెట్రోలు ఇంజను నన్ను నానా మాటలూ అంది."

గోడ మీది కాకి నవ్వింది. "ఒసే పిచ్చిదానా! ఒక్కసారి చార్జి చేస్తే వెయ్యి కిలోమీటర్లు పోయే కొత్త బ్యాటరీలు వస్తుంటే ఈ ముసలాణ్ణా అడగడం?"

"వెయ్యి కిలోమీటర్లు నా పిల్లలెక్కడికి పోవాలిరా? ఒక్క బల్బు వెలిగితే చాలు."

అంతలో మెకానిక్ షేక్షావలి తుక్కులో వేద్దామని బ్యాటరీని ఎత్తబోయాడు. కోడి ఎగిరి చేతి మీద పొడిచింది. "అబ్బా!" అని వంగి చూస్తే, బ్యాటరీని ఆనుకుని అయిదు తడిసిన పిల్లలు. తల గోక్కుని, వైరు తెచ్చి బ్యాటరీకి బల్బు తగిలించాడు. పిల్లలు వెచ్చటి వెలుగు కిందికి చేరాయి.

"ఎంత దూరం వెళ్లాలమ్మా?" అలవాటుగా అడిగింది బ్యాటరీ.

"ఎక్కడికీ వద్దు తాతా. మెల్లగా మాట్లాడు, పడుకున్నాయి."