పాటల పెట్టెలో నోట్సు

“తెల్ల రంగు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. పాటలు వినేది. పోయిన ఆదివారం మా తమ్ముడు ఇక్కడే మర్చిపోయాడు,” అని వీణ కౌంటరు మీదికి వంగి నాలుగోసారి చెప్పింది.

అశోకా రోడ్‌లోని ఆ తెలుగు భోజనశాలలో ఒంటిగంట రద్దీ. వెనక కూపన్ల కోసం నిలబడ్డవాళ్ళు విసుక్కుంటున్నారు. ఆమె తమ్ముడు కిరీటి గుమ్మం వైపే చూస్తున్నాడు.

“వదిలెయ్యక్కా. రోజుకి వెయ్యిమంది తిని పోతారిక్కడ. ఎవడో ఎత్తుకుపోయుంటాడు.”

“ఎత్తుకుపోవడానికి అదేమన్నా కొత్త ఫోనా? పన్నెండేళ్ళ నాటి డొక్కు. నువ్వు నోర్ముయ్.”

ఆ డొక్కు వీణదే. మొదటి జీతంతో కొనుక్కుంది. పెళ్ళయి ఘాజియాబాద్ వచ్చాక తమ్ముడికి ఇచ్చేసింది. వాడు అందులోని పాటలన్నీ తీసేసి, నాలుగేళ్ళుగా రాసుకున్న సివిల్స్ నోట్సంతా దాచుకున్నాడు. సివిల్స్ చదివేవాళ్ళ గదుల్లో పెన్ డ్రైవ్ ఊరుమ్మడి సొత్తు. పొద్దున ఇస్తే సాయంత్రానికి ముగ్గురి చేతులు మారి, వైరస్ అంటించుకుని ఇల్లు చేరుతుంది. పాత పాటల పెట్టెను మాత్రం ఎవరూ అడగరు. తమ్ముడి తెలివికి వీణ అప్పట్లో తెగ మురిసిపోయింది.

ఇప్పుడు వాడి లాప్‌టాప్ మీద టీ ఒలికింది, అది పోయింది. పెట్టెను ఇక్కడ పారేసుకున్నాడు. ఈరోజు మంగళవారం. శుక్రవారం నుంచి మెయిన్స్ పరీక్షలు.

“ఏ బల్ల దగ్గర కూర్చున్నావు?”

“కిటికీ పక్కన.”

“ఇందాక మెట్రోలో అడిగితే చేతులు కడుక్కునేచోట పెట్టానన్నావు?”

“గుర్తులేదక్కా!” అని గట్టిగా అరిచి, అందరూ చూసేసరికి కిరీటి గొంతు తగ్గించాడు. “ఆ నోట్సు లేకుండా ఏం రాస్తాను? ఈ ఏడాదికి వదిలేస్తా. మళ్ళీ మొదట్నించీ చదువుకుంటా.”

“వదిలేస్తావా? మూడుసార్లు ప్రిలిమ్స్‌లోనే బోల్తా కొట్టావు. నాలుగోసారికి గట్టెక్కావు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పనిచెయ్యకపోతే పద్నాలుగు అంతస్తులూ మెట్లెక్కి స్వీట్లు పంచాన్రా నేను! వదిలేస్తానంటే కాళ్ళు విరగ్గొడతా.”

వరసలో తెలుగు తెలిసినవాళ్ళు నవ్వారు. కిరీటి నవ్వలేదు. వాడి మొహం చూసి వీణకు జాలేసింది. ఎంత తిట్టినా వాడంటే ఆమెకు ప్రాణం. ఇంటర్ నుంచీ చదివిస్తున్నది తనే.

“హాల్ టికెట్టయినా ఉందా, అదీ పారేశావా?” అని కాస్త మెత్తగా అడిగింది.

“ఉంది. ప్రింటు తీసి ఫైల్లో పెట్టా.”

అంతలో వడ్డించే అంకయ్య సాంబారు బకెట్టుతో అటుగా వచ్చి ఆగాడు. పాతికేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి.

“తెల్లటిదేనా అమ్మా? చిన్న పలకలాగ ఉంటది?”

కిరీటి అక్క మోచెయ్యి పట్టుకున్నాడు. “పదక్కా. ఆయనకేం తెలుసు?”

“నువ్వుండరా! ఆఁ, అదేనండీ!”

అంకయ్య బకెట్టు దించి, వాళ్ళని పక్క బల్ల దగ్గర కూర్చోమని లోపలికి వెళ్ళాడు. ఆ అయిదు నిమిషాలూ కిరీటి కూర్చోలేడు, నిలబడలేడు. సీసాలో నీళ్ళన్నీ గటగటా తాగేశాడు. బయట ఉంటానని రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ వీణ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

అంకయ్య భుజం మీది తువ్వాలుతో ఒక ప్లాస్టిక్ కవరును తుడుచుకుంటూ వచ్చాడు.

“ఎంగిలి పళ్ళేలు దులిపే డబ్బాలో దొరికిందమ్మా. అన్నంతోపాటు జారిపడినట్టుంది. కవరు గట్టిగా చుట్టి ఉండబట్టి బతికింది. ఎవరన్నా అడుగుతారేమోనని దాచిపెట్టా.”

“వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే! మీ రుణం ఎలా తీర్చుకోను?”

“రుణమేంటమ్మా! బాబు కలెక్టరైతే చాలు. మనోడు పాసయ్యాడంటే మాకూ సంబరమేగా.”

వీణ ఆగలేదు. సంచిలోంచి తన లాప్‌టాప్, కేబుల్ తీసి అక్కడే బల్ల మీద కలిపింది. ఒక్కొక్కటే తెరుచుకున్నాయి: పాలిటీ, ఎకానమీ, ఎథిక్స్, వాడు టైపు చేసుకున్న వందల కొద్దీ పేజీలు. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఒక్కటంటే ఒక్కటీ పోలేదు. చూడరా!”

కిరీటి చూశాడు. వాడి నుదుటి నిండా చెమటలు.

“సంతోషంతో మాట రావట్లేదు వీడికి,” అని వీణ అంకయ్యతో అంది. “ఒరేయ్, శుక్రవారం పొద్దున నేనే కార్లో దింపుతా. నువ్వు సెంటర్ గేటు లోపలికి వెళ్ళేదాకా అక్కణ్ణించి కదలను.”

“అక్కా...”

“ఉండు, మీ బావకి చెప్పాలి.” ఆమె అప్పటికే ఫోను చెవికి ఆనించింది. “ఏమండీ, దొరికింది! మనవాడు పరీక్ష రాస్తున్నాడు!”

కిరీటి ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని కట్ చేశాడు.

“నేను ప్రిలిమ్స్ పాసవలేదక్కా.”