టునూ పేరున

“పాస్‌వర్డ్ తెలిస్తే నీ దాకా ఎందుకొస్తాను బాబూ?” అంటూ నిరుపమా బాగ్చీ చేతిసంచిలోంచి పాత హార్డ్ డిస్క్ తీసి బల్ల మీద పెట్టింది.

చాందనీ బజారులో ఆ రిపేరు కొట్టు ముగ్గురు నిలబడితే నిండిపోతుంది. ప్రబీర్ డిస్కును తన కంప్యూటర్‌కు తగిలిస్తుండగా టీ ముసలాయన రెండు మట్టి ముంతలు తెచ్చిపెట్టాడు.

“ఘొంటూ, చల్లారకముందే తాగు.”

“బోర్డు మీద ప్రబీర్ అని అంత లావున రాయించాను, కనపడదా తాతా?”

“ఆ పేరు బోర్డుకే ఉంచుకో. ఇంట్లో మీ అమ్మ కేకేసేది ఘొంటూ అనే ముద్దుపేరుతోనేగా.”

ముసలాయన వెళ్లిపోయాడు. ప్రబీర్ నవ్వలేక నవ్వి తెరవైపు తిరిగాడు. “తాళం వేసిందెవరు మాషీమా?” అని పిన్నిని అడిగినట్టు అడిగాడు.

“మా ఆయన. పోయి ఐదు నెలలైంది. చివరి నాలుగేళ్లూ రోజూ మధ్యాహ్నం తలుపేసుకుని టకటకా కొట్టుకునేవారు. నేను వెళ్తే తెర ఆర్పేసేవారు. నాతో మాట్లాడ్డానికి మాత్రం నోరు పెగిలేది కాదు. ముప్పై ఎనిమిదేళ్లలో నన్ను పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. ‘వింటున్నావా’... అంతే నా పేరు.” ఆమె గొంతు తగ్గించింది. “ఇంకో ఆడమనిషి ఉంటే నాకు తెలియాలి. తెలిశాక చెరిపేయ్. ఆదివారం మా అబ్బాయి ఈ డిస్కు అడుగుతాడు. వాడి కంట పడకూడదు.”

“ఇది పాస్‌వర్డ్ తాళం కాదు మాషీమా. పాత కంప్యూటర్లో ఖాతా ఎవరి పేరున ఉంటే ఆ ఫోల్డర్లు వాళ్లవే. ఇంకో మెషిన్‌కి లొంగవు. హక్కు నా పేరుకి మార్చుకోవాలి, కాసేపు పడుతుంది.”

డిస్కులో రెండు ఖాతాలున్నాయి. మొదటిది ఆమె భర్త నిరంజన్ బాగ్చీది. హక్కు మార్చగానే తెరుచుకుంది. కరెంటు బిల్లులు, పింఛను కాగితాలు. రెండోది తెరిచి ప్రబీర్ తల గోక్కున్నాడు.

“అన్నీ ఉత్తరాలే. రోజుకొకటి. ఆఖరిది మార్చి పదకొండున.”

“ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు,” అందామె. “ఎవరికి రాశారు?”

ప్రబీర్ తటపటాయించాడు. “ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లకే. టునూ అట.”

నిరుపమ చేతిలో ముంత ఒలికింది. చీర మీద పడిన టీని ఆమె తుడుచుకోలేదు. ఆమె ముఖం చూడలేక ప్రబీర్ తల దించుకున్నాడు. ఎన్నడూ చూడని ఆ పోయినాయన మీద అతనికి ఒళ్లు మండింది. ఈ మాట ఈమెకు చెప్పే ఖర్మ తనకే పట్టాలా అనుకున్నాడు.

“చదవకండి మాషీమా. చదివితే ఇక నిద్రపట్టదు. ఒక్క నొక్కుతో అన్నీ తుడిచేస్తా.”

ఉత్తరాలన్నిటినీ ఎంచుకుని మీట మీద వేలు పెట్టాడు. టీతో తడిసిన చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

“టునూ నేనే, ఘొంటూ.”